రెండోనాటి పొంగును నమ్మకూడదు: ఇంట్లో సోర్‌డో స్టార్టర్

సోర్‌డో స్టార్టర్ అంటే గోధుమపిండి, నీళ్లు తప్ప మరేమీ కలపకుండా రోజుల తరబడి పులియబెట్టిన ముద్ద. అందులో ఈస్ట్ కణాలు, లాక్టిక్ ఆమ్ల బ్యాక్టీరియా కలిసి బతుకుతుంటాయి. బాగా కుదిరిన స్టార్టర్‌లో ఒక్కో ఈస్ట్ కణానికి సుమారు వంద బ్యాక్టీరియా ఉంటాయి. బ్రెడ్ కోసం కలిపిన పిండిలో ఈ ముద్దను కొద్దిగా వేస్తే, ఈస్ట్ వదిలే కార్బన్ డయాక్సైడ్ పిండిని పొంగిస్తుంది. బ్యాక్టీరియా తయారుచేసే ఆమ్లాల వల్ల రొట్టెకు పులుపు, వాసన వస్తాయి. కొట్లో కొన్న పొడి ఈస్ట్ గంటా గంటన్నరలో చేసేసే పనికి స్టార్టర్ సగం రోజు తీసుకుంటుంది. ఆ ఆలస్యంలోనే రుచి తయారవుతుంది. ఆమ్లం ఉండటం వల్ల రొట్టెకు త్వరగా బూజు కూడా పట్టదు.

కర్మాగారాల్లో తయారైన ఈస్ట్ వచ్చి ఇంకా రెండు వందల ఏళ్లు కాలేదు. పులియడం సజీవ కణాల పనేనని లూయీ పాశ్చర్ 1857 నుంచి చేసిన పరిశోధనల్లో తేల్చాడు. 1868లో ఫ్లైష్‌మన్ సోదరులు అమెరికాలోని సిన్సినాటిలో ముద్ద ఈస్ట్ తయారీ మొదలుపెట్టారు. అంతకుముందు ఐరోపాలో రొట్టె పొంగాలంటే నిన్నటి పిండిలో కొంత దాచుకోవాలి, లేదా బీరు కాచేవాళ్ల దగ్గర నురగ తెచ్చుకోవాలి. కాలిఫోర్నియాకు బంగారం కోసం ఎగబడిన జనం వెంట ఈ పులిసిన ముద్ద కూడా వెళ్లింది. శాన్‌ఫ్రాన్సిస్కోలో 1849లో మొదలైన బూడాన్ బేకరీ ఇప్పటికీ నడుస్తోంది. 1906 భూకంపం నాడు ఆ ఇంటి ఇల్లాలు లూయీజ్ బూడాన్ స్టార్టర్‌ను బకెట్‌లో వేసుకుని బయటపడిందని ఆ బేకరీవాళ్లు కథగా చెప్పుకుంటారు. తర్వాతి కాలంలో అలాస్కా, క్లోండైక్ గనుల్లో చలికాలాలు గడిపి ఆరితేరినవాళ్లకు ‘సోర్‌డో’ అనే పేరే స్థిరపడింది.

పులిసిన గోధుమపిండి భారతదేశానికీ కొత్త కాదు. జిలేబీ పిండి పులియందే జిలేబీకి ఆ పులుపు రాదు. ఉత్తరాదిన ఖమీరీ రోటీ ఉంది. గోవాలో పావ్ చేసే బేకరీలు ఒకప్పుడు పిండిని కల్లుతో పొంగించేవి. కానీ ఒకే ముద్దను నెలల తరబడి పోషిస్తూ, అవసరమైనప్పుడల్లా అందులోంచి తీసి వాడుకునే అలవాటు తెలుగు ఇళ్లలో గోధుమపిండికి లేదు. 2020 లాక్‌డౌన్‌లో చాలా దేశాల దుకాణాల్లో ఈస్ట్ ప్యాకెట్లు నిండుకున్నప్పుడు ఈ పాత పద్ధతి మళ్లీ ఇళ్లలోకి వచ్చింది. అప్పుడు మొదలుపెట్టి మూడో రోజే విసుగెత్తి సీసా కడిగేసినవాళ్లు తక్కువేమీ కాదు. ఆ మూడో రోజు సంగతి తెలిస్తే మిగతాది తేలిక.

గాలిలోంచి కాదు, పిండిలోంచే

గాలిలో తిరిగే ఈస్ట్ సీసాలోకి వచ్చి చేరుతుందన్న మాట తరచూ వినిపిస్తుంది. కొంత చేరవచ్చు గానీ అసలు మూలం పిండే. పొలంలో గోధుమ గింజను అంటుకున్న సూక్ష్మజీవులు మర ఆడించాక కూడా పిండిలో మిగులుతాయి. అవి గింజ పైపొరలో, అంటే తవుడులో ఎక్కువ. అందుకే తవుడు తీయని గోధుమపిండితో స్టార్టర్ త్వరగా మొదలవుతుంది, మైదాతో ఆలస్యమవుతుంది. కలిపే చేతులు, వంటగది కూడా తమ వంతు చేర్చుతాయి.

శాన్‌ఫ్రాన్సిస్కో రొట్టె పులుపు ఆ ఊరి పొగమంచు మహిమేనని చాలాకాలం నమ్మారు. అమెరికా వ్యవసాయ శాఖ ప్రయోగశాలలో పనిచేసే లియో క్లైన్, ఫ్రాంక్ సుగిహార 1970 దశకం మొదట్లో అక్కడి బేకరీల ముద్దలను పరీక్షించారు. వాటిలో పులుపు పుట్టించే బ్యాక్టీరియాను గుర్తించి, దానికి ఊరి పేరే పెట్టారు. తీరా చూస్తే అదే బ్యాక్టీరియా ఐరోపా బేకరీల్లోనూ కనిపించింది. నాలుగు ఖండాల నుంచి తెప్పించిన 500 స్టార్టర్లపై 2021లో వెలువడిన అధ్యయనం కూడా, స్టార్టర్‌లో ఏ జీవులు ఉంటాయన్నది అది ఏ ఊరిదన్న దాన్నిబట్టి పెద్దగా మారదని తేల్చింది. కాబట్టి వందేళ్ల నాటి స్టార్టర్ అని చెప్పి అమ్మేదానికి ఎక్కువ డబ్బు పెట్టాల్సిన పని లేదు. కొన్న నెల రోజులకు అందులో ఉండేది కొన్నవారి వంటింటి పిండే.

ఆ క్లైన్, సుగిహారల పనిలోనే మరో విశేషం బయటపడింది. గోధుమపిండిలోని ఎంజైములు పిండిపదార్థాన్ని విడగొట్టి మాల్టోస్ అనే చక్కెరను తయారుచేస్తాయి. ఈ బ్యాక్టీరియాకు మాల్టోస్ ఇష్టమైన ఆహారం. దానితో జతగా ఉండే ఒక రకం ఈస్ట్ మాల్టోస్‌ను ముట్టనే ముట్టదు, మిగతా చక్కెరలతో సరిపెట్టుకుంటుంది. పోటీ లేదు కాబట్టి రెండూ ఏళ్ల తరబడి ఒకే సీసాలో ఉండగలుగుతాయి. పైగా బ్యాక్టీరియా చేసే ఆమ్లాన్ని ఆ ఈస్ట్ తట్టుకుంటుంది, బయటి నుంచి వచ్చే చాలా సూక్ష్మజీవులు తట్టుకోలేవు. పాత స్టార్టర్ త్వరగా చెడిపోకపోవడానికి కారణం ఈ పులుపు కాపలాయే.

మొదటి వారంలో జరిగేది

కొత్త సీసాలో ఈ కాపలా ఇంకా ఉండదు. పిండిలో మంచీ చెడ్డా అన్ని రకాల బ్యాక్టీరియా ఉంటుంది, నీళ్లు తగలగానే అన్నీ ఒకేసారి మేల్కొంటాయి. వాటిలో వేగంగా పెరిగేవాటిలో ల్యూకోనాస్టాక్ అనే జాతి ఒకటి. అది ఆమ్లంతోపాటు కార్బన్ డయాక్సైడ్‌ను కూడా పుష్కలంగా వదులుతుంది. ఫలితంగా రెండో రోజు, ఒక్కోసారి మొదటి రోజు రాత్రికే, ముద్ద నురగలు కక్కుతూ సీసా అంచు దాకా ఎగబాకుతుంది. వాసన మాత్రం బాగుండదు. పాచిపోయిన సాంబారులా, మురిగిన గడ్డిలా ఉంటుంది.

ఈ ల్యూకోనాస్టాక్ తెలుగువారికి కొత్త చుట్టమేమీ కాదు. ఇడ్లీ పిండిని రాత్రికి రాత్రే పొంగించేది ప్రధానంగా ఈస్ట్ కాదు, ల్యూకోనాస్టాక్ మెసెంటెరాయిడిస్ అనే ఈ జాతి బ్యాక్టీరియాయేనని 1965లో అప్లయిడ్ మైక్రోబయాలజీ పత్రికలో అచ్చయిన పరిశోధన తేల్చింది. మినప్పప్పు, బియ్యపు రవ్వ కలిపి రుబ్బిన పిండి తెల్లారేసరికి రెట్టింపవడం దాని చలవే. ఇడ్లీకి ఆ ఒక్క పొంగు చాలు. మినప్పిండి జిగురు గాలిని పట్టి ఉంచుతుంది, పొద్దున్నే ఆవిరి మీద పెట్టేస్తే పని అయిపోతుంది. బ్రెడ్ సంగతి వేరు. గట్టిగా కలిపిన గోధుమపిండిని గంటల తరబడి నెమ్మదిగా, బలంగా లేపాలంటే ఈస్ట్ కావాలి. రెండో రోజు సీసాలో ఈస్ట్ ఇంకా లెక్కలోకి రానంత తక్కువగా ఉంటుంది. ఇడ్లీ పిండి అనుభవంతో ఆ పొంగు చూసి స్టార్టర్ అయిపోయిందనుకుని రొట్టె చేస్తే రాయిలా వస్తుంది. కొత్తగా మొదలుపెట్టేవాళ్లు చేసే పొరపాట్లలో ఇదే పెద్దది.

ఆ తర్వాత వచ్చేది నిశ్శబ్దం. బ్యాక్టీరియా చేసిన ఆమ్లం పేరుకుని పులుపు పెరిగేసరికి ల్యూకోనాస్టాక్ తన ఆమ్లంలోనే తాను పెరగలేక వెనక్కి తగ్గుతుంది. మూడో రోజు నుంచి ఐదో రోజు దాకా ముద్దలో బుడగ కూడా కనిపించకపోవచ్చు. పిండి చచ్చిపోయిందనుకుని చాలామంది పారేసేది ఇప్పుడే. నిజానికి లోపల తర్వాతి బృందం తయారవుతుంటుంది. పులుపును ఇష్టపడే లాక్టోబాసిలస్ జాతులు వస్తాయి, ఆమ్లం పెరిగేకొద్దీ తగ్గే పీహెచ్ అంకె 4 దగ్గరికి, ఇంకా కిందికి దిగుతుంది. ఆ పులుపులో పోటీ తగ్గాక ఈస్ట్ తలెత్తుతుంది. అప్పుడు వచ్చే పొంగు మొదటిదానంత ఆర్భాటంగా ఉండదు గానీ రోజూ వస్తుంది, వాసన కూడా మారుతుంది. ఈ మార్పుకు వెచ్చని చోట ఐదారు రోజులు పడుతుంది, చల్లని చోట రెండు వారాలు కూడా పట్టవచ్చు.

ఈ మధ్య విరామాన్ని తగ్గించడానికి అమెరికాకు చెందిన రసాయన శాస్త్రవేత్త డెబ్రా వింక్ ఒక ఉపాయం చెప్పింది. మొదటి రెండు మూడు రోజులు నీళ్లకు బదులు అనాసపండు రసం కలిపితే పిండి మొదటి నుంచే పుల్లగా ఉంటుంది, ల్యూకోనాస్టాక్ రెచ్చిపోదు. రసం దొరకనిచోట నీళ్లలో కాస్త నిమ్మరసం పిండినా ఆ దిశగానే పనిచేస్తుంది. పెరుగు కలపడం మాత్రం దండగ. పెరుగులోని బ్యాక్టీరియా పాలలోని చక్కెరకు అలవాటు పడినది. గోధుమపిండిలో నాలుగు రోజులైతే అది వెనకబడిపోతుంది. ఎండుద్రాక్ష వేయమని చెప్పేవాళ్లూ ఉన్నారు. తప్పు లేదు, అవసరమూ లేదు.

కావలసినవి, చేసే తీరు

మర ఆడించిన గోధుమపిండి, అంటే చపాతీలకు వాడేదే, మొదలుపెట్టడానికి అన్నిటికంటే మంచిది. పురుగు పట్టనిది, మందు వాసన లేనిది అయితే చాలు. స్టార్టర్ నిలదొక్కుకున్నాక సగం గోధుమపిండి, సగం మైదా కలిపి వాడితే పొంగు స్పష్టంగా కనిపిస్తుంది. పిండికి సాగుడునిచ్చే గ్లూటెన్ పోగులను తవుడు ముక్కలు తెంచుతాయి కాబట్టి ఒట్టి గోధుమపిండి ముద్ద ఎంత బలంగా ఉన్నా మరీ ఎత్తుకు లేవదు. రాగిపిండి ఒక చెంచా చేర్చితే పులియడం చురుగ్గా సాగుతుంది, కానీ అందులో గ్లూటెన్ లేదు కాబట్టి దానితోనే మొత్తం చేస్తే పొంగు నిలవదు.

కొళాయి నీళ్లలో క్లోరిన్ ఉంటుంది. వెడల్పాటి గిన్నెలో పోసి రాత్రంతా మూత లేకుండా వదిలినా, కాచి చల్లార్చినా చాలా వరకు పోతుంది. సీసా గాజుదై, అర లీటరు పట్టేలా ఉంటే మంచిది, లోపల జరిగేది కనిపిస్తుంది. స్టీలు డబ్బాకూ దోషం లేదు. అల్యూమినియం, కళాయి లేని ఇత్తడి, రాగి పాత్రలు మాత్రం పనికిరావు. పులుపు వాటిని తింటుంది. మూత బిగించకూడదు, గ్యాస్ పోవడానికి దారి ఉండాలి. ఇక తప్పనిసరిగా కావలసింది చిన్న వంటింటి కాటా. కప్పు పిండి సుమారు 120 గ్రాములు తూగితే కప్పు నీళ్లు 240 గ్రాములు తూగుతాయి. కప్పుకు కప్పు అంటే పిండికి రెట్టింపు నీళ్లు పోసినట్టు. పలచటి ముద్దలో బుడగలు పైకి వచ్చి పగిలిపోతాయి, పొంగు నిలవదు.

మొదటి రోజు 50 గ్రాముల గోధుమపిండి, 50 గ్రాముల నీళ్లు సీసాలో వేసి పొడి పిండి మిగలకుండా కలపాలి. గారెల పిండి కంటే కొంచెం జారుగా వస్తుంది. మరీ గట్టిగా అనిపిస్తే చెంచాడు నీళ్లు చేర్చవచ్చు. మర పిండి నీళ్లు ఎక్కువ తాగుతుంది. మూత వదులుగా పెట్టి, ఎండ తగలని చోట ఒక రోజు ఉంచాలి. మర్నాడు కలియబెట్టి ఊరుకోవడమే. పొంగు వచ్చినా రాకపోయినా ఏమీ చేయనక్కర్లేదు.

మూడో రోజు నుంచి రోజుకోసారి పాత ముద్దలో 50 గ్రాములు ఉంచుకుని మిగతాది తీసేసి, మళ్లీ 50 గ్రాముల పిండి, 50 గ్రాముల నీళ్లు కలపాలి. తీసేయడం చూసి మనసు ఒప్పదు. తీయకుండా ఇదే లెక్కలో పెంచుకుంటూ పోతే ఏమవుతుందో చూస్తే సందేహం తీరుతుంది. 100 గ్రాముల ముద్ద మర్నాటికి 300 గ్రాములు, ఆ మర్నాటికి 900, ఆపై 2.7 కిలోలు, ఐదో రోజుకు 8.1 కిలోలు, వారం తిరిగేసరికి 70 కిలోలు దాటుతుంది. కొత్త పిండి తక్కువ వేస్తే అందులోని జీవులకు ఆహారం చాలదు, ముద్ద పుల్లబడి నీరసిస్తుంది. అందుకే ఉన్నదాన్ని తగ్గించుకోవాలి. మొదటి వారంలో తీసేసిన ముద్దలో అవాంఛిత బ్యాక్టీరియా ఉంటుంది కాబట్టి దాన్ని వంటకు వాడకుండా మొక్కల ఎరువు గుంటలో వేయడం మేలు.

మధ్య విరామం రోజుల్లో ఆత్రపడి పూటపూటా పిండి మార్చకూడదు. అలా చేస్తే పేరుకుంటున్న పులుపు ప్రతిసారీ పలచబడి, రావలసిన మార్పు ఇంకా వెనక్కి పోతుంది. రోజుకోసారి చాలు. ముద్ద మళ్లీ లేవడం మొదలయ్యాక, సుమారు ఐదారు రోజులకు, రోజుకు రెండుసార్లు చేయవచ్చు. పిండి కలిపిన వెంటనే సీసా చుట్టూ ముద్ద మట్టానికి రబ్బరు బ్యాండు వేస్తే ఎంత లేచిందో, ఎప్పుడు దిగిందో తెలుస్తుంది. ఉప్పు వేయకూడదు. అది ఈస్ట్‌నూ బ్యాక్టీరియానూ నెమ్మదింపజేస్తుంది.

కొత్త పిండి కలిపిన నాలుగు నుంచి ఆరు గంటల్లో ముద్ద రెట్టింపై, పైన గుండ్రంగా ఉబ్బి, తర్వాత మెల్లగా మధ్యలో కుంగాలి. ఇది వరసగా మూడు రోజులు, దాదాపు ఒకే సమయానికి జరిగితే స్టార్టర్ సిద్ధమైనట్టు. చెంచాతో పక్కకు లాగితే లోపల సాలెగూడు పోగుల్లా కనిపించాలి. వాసన పుల్లమజ్జిగకీ ముగ్గిన పండుకీ మధ్యలో ఉంటుంది. చెంచాడు ముద్ద నీళ్లలో వేస్తే తేలాలన్న పరీక్ష ప్రసిద్ధమే, నమ్మదగినది మాత్రం కాదు. గోధుమపిండితో చేసిన మంచి స్టార్టర్ కూడా ఒక్కోసారి మునుగుతుంది. రెండోనాటి దొంగ పొంగు వేళ తీసి వేస్తే తేలుతుంది కూడా.

ఎండాకాలం లెక్కలు

విదేశీ పుస్తకాల్లోని పద్ధతులు ఎక్కువగా 20 నుంచి 25 డిగ్రీల వంటింటికి రాసినవి. విజయవాడలోనో రామగుండంలోనో ఏప్రిల్, మే నెలల్లో వంటింటి వేడి ఆ లెక్కకు అందదు. సోర్‌డోలో సాధారణంగా ఉండే ఈస్ట్‌లు 27, 28 డిగ్రీల దగ్గర చురుగ్గా ఉంటాయి, వాటిలో ఒక ప్రధాన జాతి 36 డిగ్రీలకు పెరగడమే మానేస్తుంది. బ్యాక్టీరియాకు అంతకంటే నాలుగైదు డిగ్రీలు ఎక్కువైనా హాయిగా ఉంటుంది. కాబట్టి ఎండాకాలంలో సీసాలో పులుపు గెలుస్తుంది, పొంగు ఓడుతుంది. ఆ పులుపులో పిండిలోని ప్రొటీన్‌ను విడగొట్టే ఎంజైములు చురుకై గ్లూటెన్ తెగిపోతుంది, ఉదయం గట్టిగా కలిపిన ముద్ద మధ్యాహ్నానికి గంజిలా కారుతుంది.

దీనికి పరిష్కారం పాత ముద్ద తగ్గించి కొత్త పిండి పెంచడం. సమపాళ్లకు బదులు 10 గ్రాముల పాత ముద్దకు 50 గ్రాముల పిండి, 50 గ్రాముల చల్లటి నీళ్లు కలిపితే ఆహారం ఎక్కువసేపు వస్తుంది. నీళ్లు తగ్గించి 50 గ్రాముల పిండికి 30 గ్రాములే పోస్తే ముద్ద చపాతీ పిండిలా గట్టిగా ఉండి ఇంకా నెమ్మదిగా పులుస్తుంది. సీసాను నీళ్లు పోసిన పళ్లెంలో పెట్టి చుట్టూ తడిగుడ్డ కప్పితే రెండు మూడు డిగ్రీలు తగ్గుతుంది. తీరప్రాంతపు ఉక్కపోతలో మాత్రం ఆ ఉపాయం అంతగా పనిచేయదు, గాలిలో తేమ ఎక్కువగా ఉంటే గుడ్డ ఆరదు. అన్నిటికంటే తేలికైనది, రెండు గంటలు బయట ఉంచి ముద్ద లేవడం మొదలవగానే ఫ్రిజ్‌లో పెట్టేయడం.

డిసెంబరులో అరకు, ఆదిలాబాద్ వైపు ఇబ్బంది తలకిందులవుతుంది. అమెరికాలోని చలి రాష్ట్రాల్లో ఉండే తెలుగు కుటుంబాలు ఇడ్లీ పిండిని వెలిగించని ఓవెన్‌లో పెట్టి లోపలి దీపం మాత్రం వేసి ఉంచుతాయి. స్టార్టర్‌కూ అదే సరిపోతుంది. అయితే గంటకోసారి చూసుకోవాలి, కొన్ని ఓవెన్లలో దీపం వేడికే 35 డిగ్రీలు దాటుతుంది.

పోషణ, జబ్బులు

రోజూ రొట్టె చేయని ఇంట్లో స్టార్టర్ ఉండాల్సిన చోటు ఫ్రిజ్. కొత్త పిండి కలిపి, గంటో రెండు గంటలో బయట ఉంచి, నాలుగు డిగ్రీల చల్లదనంలో పెడితే వారానికోసారి పిండి మారిస్తే చాలు. రెండు వారాలు మరిచిపోయినా చావదు. రొట్టె చేసే ముందు రోజు బయటికి తీసి ఒకటి రెండుసార్లు కొత్త పిండి కలిపి చురుకు తెప్పించాలి. ఎప్పుడూ పెద్ద మొత్తం ఉంచుకోనక్కర్లేదు, 30 గ్రాములు నిల్వ ఉంటే అందులోంచి ఎంతైనా పెంచుకోవచ్చు.

పైన నల్లగా, బూడిద రంగులో నీరు తేలితే కంగారు వద్దు. ఆహారం అయిపోయిన స్టార్టర్ నుంచి విడిపోయిన నీరు, ఆల్కహాల్ అది. వంపేసి లేదా కలిపేసి కొత్త పిండి వేయాలి. గోళ్లరంగు తుడిచే ద్రావకం వాసన వచ్చినా అర్థం అదే, ఆకలి. వేసే పిండి పాలు పెంచితే రెండు మూడు రోజుల్లో పోతుంది. గులాబీ, నారింజ రంగు చారలు కనిపించినా, బొచ్చులా బూజు పట్టినా మాత్రం పైన తీసేసి వాడటం కుదరదు. మొత్తం పారేసి, సీసా మరిగే నీళ్లతో కడిగి మళ్లీ మొదలుపెట్టాలి. స్టార్టర్‌ను పచ్చిగా నాలుక మీద వేసుకుని పులుపు చూడటం మంచి అలవాటు కాదు. పచ్చి పిండిలో రోగకారక బ్యాక్టీరియా ఉండే అవకాశం ఉంది, వేడి తగిలాకే అది తినే వస్తువు.

నిలదొక్కుకున్న స్టార్టర్ నుంచి తీసేసేది పారేయనక్కర్లేదు. బియ్యప్పిండి, ఉల్లిపాయ, పచ్చిమిర్చి, జీలకర్ర వేసి పలచగా చేస్తే పుల్లట్లు వస్తాయి. చపాతీ పిండిలో కలిపితే చపాతీ మెత్తగా ఉంటుంది. ఫ్రిజ్‌లో డబ్బాలో పోగుచేసుకుని వారంలోపు వాడేయవచ్చు.

రొట్టె, ఆరోగ్యం

రొట్టెకు మామూలు లెక్క 500 గ్రాముల పిండికి 100 గ్రాముల స్టార్టర్, 10 గ్రాముల ఉప్పు. నీళ్లు 300 గ్రాములతో మొదలుపెట్టి పిండి తాగేదాన్ని బట్టి పెంచాలి. కొట్లో దొరికే మైదాలో ప్రొటీన్ తక్కువ, విదేశీ వంటకాల్లో చెప్పినన్ని నీళ్లు పోస్తే ముద్ద నిలబడదు. 28, 30 డిగ్రీల గదిలో నాలుగైదు గంటల్లో లేస్తుంది. ఆకారం చుట్టి రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచి, మర్నాడు 230 డిగ్రీల ఓవెన్‌లో కాల్చవచ్చు. స్టార్టర్‌ను లేచి ఉన్నప్పుడే వాడాలి, కుంగిపోయాక వాడితే రొట్టె పుల్లగా, చదునుగా వస్తుంది.

సోర్‌డో గురించి చెప్పే ఆరోగ్య గొప్పల్లో కొన్ని నిజం. తవుడులోని ఫైటిక్ ఆమ్లం ఇనుము, జింక్ లాంటి ఖనిజాలను శరీరానికి అందకుండా పట్టి ఉంచుతుంది. పులుపు పెరిగినప్పుడు పిండిలోని ఫైటేజ్ అనే ఎంజైము దాన్ని విడగొడుతుంది. కాబట్టి ముడిగోధుమ రొట్టెకు పులియబెట్టడం వల్ల లాభం ఉంది. రొట్టెలో మేలుచేసే బ్యాక్టీరియా బతికి ఉంటుందనడం మాత్రం నిజం కాదు, ఓవెన్‌లో రొట్టె మధ్యభాగం 90 డిగ్రీలు దాటేసరికి అది చచ్చిపోతుంది. గ్లూటెన్ పడని సీలియాక్ వ్యాధి ఉన్నవారు మామూలు గోధుమ సోర్‌డో కూడా తినకూడదు.

కొనే రొట్టెల విషయంలో ఫ్రాన్స్ 1993లోనే ఆమ్లాన్ని కొలిచి నిబంధన పెట్టింది. స్టార్టర్ రొట్టె అని పిలవాలంటే దాని పీహెచ్ 4.3 మించకూడదు, అసిటిక్ ఆమ్లం పది లక్షల పాళ్లలో కనీసం 900 పాళ్లు ఉండాలి. పొడి ఈస్ట్, వెనిగర్ కలిపి పులుపు తెప్పించిన రొట్టెను సోర్‌డో పేరుతో అమ్మడం చాలా చోట్ల ఉంది, కాబట్టి ప్యాకెట్ మీద దినుసుల జాబితా చదవడం మంచిది.

ఊరు వెళ్లేటప్పుడో, నెలల తరబడి రొట్టె జోలికి వెళ్లలేనప్పుడో స్టార్టర్‌ను ఎండబెట్టి దాచవచ్చు. బాగా పొంగి ఉన్న ముద్దను నూనె కాగితం మీద పలచగా రాసి, ఎండలో కాకుండా నీడలో ఫ్యాను గాలికి ఒకటి రెండు రోజులు ఆరనిస్తే అప్పడంలా పెళుసుబారుతుంది. ముక్కలు చేసి గాలి చొరని డబ్బాలో పెట్టాలి. మళ్లీ కావాలనుకున్నప్పుడు 10 గ్రాముల ముక్కలను 20 గ్రాముల గోరువెచ్చటి నీళ్లలో నానబెట్టి, కరిగాక 20 గ్రాముల పిండి కలపాలి. అప్పటికే పులుపు, ఈస్ట్ రెండూ అందులో ఉంటాయి కాబట్టి ఈసారి దొంగ పొంగు, విరామం అంతగా ఉండవు. రెండు మూడు రోజులు పిండి మారిస్తే ముద్ద మునుపటిలా లేస్తుంది.